ఉమారాణి గాలి చదువు

మా ఎమ్మిగనూరు పెద్దలకు రాకెట్టంటే తెలుసు. నిప్పులు కక్కుతూ పైకి పోతుంది, కింద ఉన్నవాళ్ళు చప్పట్లు కొట్టాలి. అది పోయే దారిలో గాలి అనేదొకటి ఉంటుందని మాత్రం వాళ్ళకు ఇంతవరకూ తట్టలేదు.

అందుకే మా వీధి నేతగాడు బసవన్న కూతురు ఉమారాణికి అంతరిక్ష విద్యాసంస్థలో ఎం.టెక్ సీటు వచ్చిందనగానే, చేనేత సంఘం పెద్ద శివప్రసాద్ బస్టాండు దగ్గర ఫ్లెక్సీ కట్టించాడు. ఒకపక్క ఆ పిల్ల, ఒకపక్క రాకెట్, రెండింటికన్నా పెద్దగా శివప్రసాద్. సన్మానం పెట్టి మైకు చేతికిచ్చి, "రాకెట్లో నువ్వేం జేస్తావో సెప్పు తల్లీ," అన్నాడు.

"రాకెట్ కాదప్పా, నేను సదివేది వాతావరణ భౌతికశాస్త్రం. గాలి, తేమ, మబ్బు," అంది ఉమారాణి. "మన నెత్తిన పోయే మబ్బులో ఎంత నీరుందో ఉపగ్రహం పైనుంచి చూసి సెప్తాది. అది నిజమో కాదో ఈడ నేల మీద కొలిచి సరిచూడాల."

శివప్రసాద్ మొహం వాడిపోయింది. "గాలి సదివేకి అంత దూరం పోవాల్నా? మనూర్లో కావాల్సినంత ఉండాది," అన్నాడు. జనం పగలబడి నవ్వారు. గాడిదకేం తెలుసు గంధప్పొడి వాసన అని నేను అప్పుడే అనుకున్నాను.

రెండో ఏడు ప్రాజెక్టుకు ఆ పిల్ల సొంత ఊరినే ఎంచుకుంది. పడమటి కనుమలు దాటొచ్చే మబ్బులు మన మీదుగా పోతూ కూడా ఎందుకు కురవవో తేల్చాలని. ఆదోనిలో రైలు దిగి, పరికరాల డబ్బాలన్నీ ఒళ్ళో పెట్టుకుని బస్సులో వచ్చి, మిద్దె మీద ఒక గొట్టం పాతింది. దాని కొసన గాలికి గిరగిరా తిరిగే మూడు గిన్నెలు, కింద తేమ కొలిచే తెల్లపెట్టె. వానాకాలం మొత్తం ఒక్క పూట కూడా తెగకుండా కొలతలు రావాలి. తెగిందా, మళ్ళీ వచ్చే ఏడు దాకా చదువు ఆగినట్టే. ఆ సంగతి పాపం ఇంటింటికీ తిరిగి చెప్పింది.

ఆ ఏడు వాన మొహం చాటేసింది. ఆలూరు పక్క వేరుశనగ మొలకలోనే మాడింది. ఎవరో ఒకరి మీద నెపం వేయకపోతే పెద్దరికం నిలవదు కదా, శివప్రసాద్ కన్ను ఆ మూడు గిన్నెల మీద పడింది.

"అది తిరిగి తిరిగి మబ్బుల్ని ఎగరగొడ్తాండాది బసవన్నా, పీకెయ్."

గిన్నెల్ని గాలి తిప్పుతుంది గాని, గిన్నెలు గాలిని పుట్టించవని ఉమారాణి చెప్పింది. ఎవరు వింటారు? ఫ్యాన్ తిరిగితే గాలి రాదా అని అడిగాడు శివప్రసాద్. అదీ ఆయన భౌతికశాస్త్రం.

మాటలకు లొంగలేదని పెద్దలు చివరికి బసవన్న పడుగు మీదకు వచ్చారు. మా దగ్గర ఇప్పటికీ కొందరు మగ్గానికెక్కించే పడుగు నూలును వీధి పొడవునా చాచి, గంజి పట్టించి, కుంచెతో దువ్వుతారు. అది ఒక్క ఇంటివల్ల అయ్యే పని కాదు. ఈరోజు నీ పడుగుకు నేను, రేపు నా పడుగుకు నువ్వు. ఒకనాడు తెల్లవారి బసవన్న పడుగు తెచ్చి వీధిలో నిలబడితే, శివప్రసాద్ మాట మీద ఒక్క తలుపూ తెరుచుకోలేదు. మా ఆయనా నేనూ పోయాం గాని, మా నాలుగు చేతులు ఏ మూలకు? గంజి గిన్నెలోనే గడ్డకట్టింది.

బసవన్న పడుగు చుట్టి లోపల పెట్టాడు. భార్య పుల్లమ్మ మగ్గం గుంటలో కాళ్ళు పెట్టుకుని కూర్చుని ఏడ్చింది. అది చూడలేక ఉమారాణే నిచ్చెన వేసుకుని గొట్టం పీకేసింది.

పెద్దలకు పండగే. ఆదోని నుంచి ట్రాలీ ఆటోలో రెండు గాడిదలను తెచ్చి, బాసికాలు కట్టి, వాన కోసం పెళ్ళి చేశారు. తాళి అందించింది శివప్రసాదే. నెల తిరిగినా చుక్క రాలలేదు.

అప్పుడు బసవన్న ఇంటికి వచ్చాడు ఆ మహానుభావుడు, చేతిలో దండతో. "తల్లీ, సదివినదానివి. వానెప్పుడొస్తాదో రోంత లెక్కేసి సెప్పు."

"కొలతలు తెగిపాయె గదప్పా. ఇంగేం లెక్కేసేది? నా సదువు ఇంకో ఏడు ఎనక్కి పోయినాది," అంది ఉమారాణి.

గోడకు నిచ్చెన ఆనిన చప్పుడైంది. ఏనాడూ శివప్రసాద్ ముందు తలెత్తని బసవన్న, గొట్టం భుజాన వేసుకుని మిద్దె ఎక్కుతున్నాడు.

"యాడికి బసవన్నా? అది పెట్టినావంటే నీ పడుగుకు మనిషనేవోడు రాడు!" అని అరిచాడు శివప్రసాద్.

బసవన్న గొట్టం నిలబెట్టి, తాడు బిగించి, అప్పుడు కిందికి చూశాడు.

"ఈ తూరి ఎవురు సెప్పినా దింపేది ల్యా. మనుషులు రాకుంటే పోనీలేప్పా. నువ్వు పెండ్లి సేసిన జంట ఖాళీగానే ఉండారు గదా, వాళ్ళను పిలుచుకుంటా."