టైలరమ్మ మేడగదిలో మొదటి ప్రశ్న

టైలరమ్మ సాధించిన మొట్టమొదటి విజయం ఒక ఆర్థికశాస్త్ర ప్రొఫెసరు చేత తన షాపు మెట్లెక్కించడం. అదేమీ తేలిగ్గా అయిన పని కాదు. ఆమె పల్లెటూరి బడిలో ఐదో తరగతితో చదువు ఆపేసి, పట్నం వీధిలో కోట్లు, స్కూలు యూనిఫారాలు కుట్టుకుని బతుకుతున్న మనిషి. పత్తి ధర పడిపోయిందని పేపర్లో వస్తున్న రోజుల్లోనే తన దారపు రీళ్ళ ధర ఎందుకు పెరుగుతోందో ఆమెకు అంతుపట్టలేదు. తెలిసినవాళ్ళను పిలిచి, పదిమందిలో అడిగి తెలుసుకోవాలనుకుంది. అందుకోసం కాలేజీ చుట్టూ రెండేళ్ళు కాళ్ళరిగేలా తిరిగింది. గేటు దగ్గర ప్యూను ఆమెను చూడగానే "ఇప్పుడే వెళ్ళిపోయారమ్మా" అనేవాడు. అడక్కముందే అనేవాడు.

చివరికి ప్రొఫెసరే తనంతట తాను దొరికాడు. కోటు చేతులు పొడుగయ్యాయని పొట్టి చేయించుకోవడానికి ఇచ్చి, తీసుకోవడానికి వచ్చాడు. టైలరమ్మ కోటు మడిచి ఒళ్ళో పెట్టుకుని కదలకుండా కూర్చుంది.

"కోటు అయిందా అమ్మా?"

"అయింది సార్. ఆదివారం మా మేడ మీదికొచ్చి ధరల సంగతి నలుగురికీ చెప్తానని మాటివ్వండి, ఇచ్చేస్తాను."

"అంటే నా కోటు తాకట్టు పెట్టుకున్నావన్నమాట."

"తాకట్టుకు మీ దగ్గర వడ్డీ తీసుకుంటారు. నేను ఎదురు టీ ఇస్తాను."

ఆయన నవ్వేశాడు. ఆదివారం వచ్చాడు. కుర్చీలు చాలక సగం మంది గుడ్డ మూటల మీద కూర్చున్నారు. పత్తికీ దారానికీ మధ్య ఎన్ని చేతులున్నాయో, ఏ చెయ్యి ఎంత ఉంచుకుంటుందో ఆయన సుద్దముక్కతో కత్తిరింపు బల్ల మీదే గీసి చూపించాడు. ఆ గీతలు చెరపడానికి టైలరమ్మకు వారం దాకా మనసొప్పలేదు. కత్తిరింపులన్నీ నేల మీద కూర్చునే చేసుకుంది.

ఆ తర్వాత ఆ మేడగదిలో మాట్లాడినవాళ్ళు చిన్నాచితకా మనుషులు కారు. పన్నుల మీద ప్రభుత్వానికి సలహాలు రాసిచ్చిన ఆయన వచ్చాడు. కరువులు ఎందుకొస్తాయో జీవితమంతా చదివిన మనిషి వచ్చి, మాట్లాడుతూ మాట్లాడుతూ కళ్ళు తుడుచుకున్నాడు. పెద్ద బ్యాంకును నడిపి రిటైరైనాయన వచ్చి, బ్యాంకుల్లో ఉండేది డబ్బు కన్నా ఎక్కువగా నమ్మకమేనని చెప్పాడు. అప్పుడు పక్కన కళ్ళజోళ్ళ షాపు నడిపే ఆయన లేచి, "సార్, నా దగ్గర నమ్మకం బోలెడుంది. దాన్ని తీసుకుని డబ్బివ్వమని మీ బ్యాంకుకు కాస్త చెప్తారా?" అన్నాడు. గది గదంతా నవ్వింది. బ్యాంకాయన కూడా నవ్వి, జవాబు మాత్రం చెప్పలేదు. పేపర్లో ఫోటో పడింది. మునిసిపాలిటీ ప్రశంసాపత్రం ఇచ్చింది. ఒకప్పుడు గేటు దగ్గర ఆపిన కాలేజీయే పిల్లల్ని బస్సెక్కించి పంపింది. ఐదో తరగతి మనిషి ఇన్ని సాధించిందంటే ఆ వీధి వీధంతా తనే సాధించినట్టు చెప్పుకునేది.

అయితే ఇలాంటి సభలకు ఒక పీడ ఉంది. వక్త మాట్లాడటం ముగించి, "ప్రశ్నలేమైనా ఉన్నాయా?" అంటాడు. అంతే, అందరికీ ఒక్కసారిగా తమ చెప్పుల మీద అపారమైన ఆసక్తి పుడుతుంది. ఎవరూ తలెత్తరు. వచ్చిన పెద్దమనిషి మొహం చిన్నబోతుంది. మొదటి ప్రశ్న ఒకటి పడిందా, వెనకాలే పది లేస్తాయి. ఆ రహస్యం టైలరమ్మ రెండో సభకే కనిపెట్టింది. మొదటి ప్రశ్న ముందే తయారు చేసి, అడిగే పని చెల్లెలికి అప్పజెప్పింది.

తండ్రి పోయిన ఏడాది చెల్లెలు ఆ షాపుకు వచ్చింది. అప్పటికి ఇంకా గౌను తొడుక్కునే పిల్ల. కిటికీ పక్కన రెండో మెషిన్ ఆమెది. కాజాలు కుట్టడంలో అక్కను మించిపోయిందని ఖాతాదార్లు అనేవారు, అక్క వినని చోట. సభలు మొదలయ్యాక ఆమెకు వీధిలో "మొదటి ప్రశ్న" అన్న పేరే స్థిరపడింది. శనివారం సాయంత్రాలు రెండు మెషిన్ల చప్పుడు మధ్య రిహార్సలు నడిచేది.

"'అయ్యా, ధరలు పెరిగితే పేదవాడి మీదే ఎక్కువ బరువు పడుతుందా?' ఏదీ, చెప్పు."

"ఈసారి వచ్చేది ఒకావిడ అక్కా. అయ్యా అంటే బాగోదు."

"అమ్మా అను. తక్కినదంతా అదే."

"దీనికి జవాబు పోయిన నెలే చెప్పేశారుగా."

"జవాబు కోసం ఎవరడగమన్నారే పిచ్చిదానా? సభ కదలడం కోసం."

చెల్లెలు దారం పళ్ళతో తెంపి, తలూపేది. ఏళ్ళ తరబడి అలాగే తలూపింది. ఇంతమంది మేధావుల్ని ఇన్ని ప్రశ్నలడిగిన మనిషి ఆ ఊళ్ళో ఇంకొకరు లేరు. వాటిలో తనది ఒక్కటీ లేదు. ఆ సంగతి అక్కకు తట్టనే లేదు.

శనివారం ఆ చిన్న వాదన నడిచింది ఒక ముసలి ప్రొఫెసరమ్మ వచ్చే ముందురోజు. అంతకు ముందు సభలో మాట్లాడినాయన అంగళ్ళ గురించి చదివినవాడు. చెప్పుల షాపులన్నీ ఒకే వీధిలో ఎందుకుంటాయో, పోటీ అని భయపడి దూరంగా పోయిన షాపే ఎందుకు మూతపడుతుందో సరదాగా చెప్పి వెళ్ళాడు. ఎంచుకునే వీలున్న చోటికే కొనేవాడు నడిచి వస్తాడని ఆయన మాట. టైలరమ్మకు అది తెగ నచ్చింది. భుజం కొలతలు తీస్తూ, నడుం కొలతలు తీస్తూ, వచ్చిన ప్రతి మనిషికీ అదే చెప్పింది.

ప్రొఫెసరమ్మ మెల్లగా మాట్లాడే మనిషి. వినడం ఇంకా బాగా వచ్చు. ప్రసంగం అయిపోగానే చెల్లెలు అలవాటుగా లేచి, అప్పజెప్పిన ప్రశ్న అప్పజెప్పినట్టే అడిగింది. ఆవిడ జవాబు చెప్పకుండా ఆమె వంకే చూసింది.

"ఇది నీ ప్రశ్నేనా అమ్మా?"

"కాదండీ. అక్కది."

గదిలో నవ్వులు. టైలరమ్మకు తల కొట్టేసినట్టయింది.

"మరి నీదేమీ లేదా?"

చెల్లెలు ముందున్న కుర్చీ వీపు గట్టిగా పట్టుకుంది. "ఉందండీ. పోయినసారి షాపుల సంగతి చెప్పారు. చెప్పుల షాపులకైతే సరే..." అని ఆగి, అక్క వైపు చూసింది.

టైలరమ్మ గబుక్కున లేచింది. "అమ్మగారికి రైలు టైమవుతోంది. రెండో ప్రశ్న కాలేజీ వారికిద్దాం." రైలుకు నిజానికి బోలెడు వ్యవధి ఉంది. చెల్లి అంత చదువుకున్నవాళ్ళ ముందు తడబడి నవ్వులపాలవుతుందేమోనని భయమన్నది ఒకటి. కట్టుకున్న సభ చెయ్యి జారిపోతోందన్న కంగారు రెండోది. రెండోదే పెద్దది. చెల్లెలు కూర్చుంది. కాలేజీ లెక్చరరు లేచి, ప్రశ్న పేరుతో తనే ఒక ప్రసంగం చేశాడు.

నెల తిరక్కుండానే చెల్లెలు పెట్టె సర్దుకుంది.

"రైలు మారి వెళ్ళే ఊళ్ళో చిన్న గది దొరికిందక్కా. మెషిన్ కూడా మాట్లాడుకున్నాను."

"ఎందుకే? ఇక్కడేం తక్కువైంది నీకు?"

"తక్కువేం కాలేదు."

"నా కత్తెర పట్టుకుని నేర్చుకుని, చివరికి నాకే చెయ్యిచ్చి పోతున్నావా? పో. అక్కడ మాత్రం నా పేరు చెప్పుకుని కుట్టకు."

చెల్లెలు కుట్టాల్సిన చొక్కా ఒకటి మిగిలితే, దాని గుండీలు కుట్టి, ఇస్త్రీ చేసి, మడత పెట్టి మరీ వెళ్ళింది.

ఆ తర్వాత సభలు ఆగలేదు. మొదటి ప్రశ్న కళ్ళజోళ్ళాయనకు వచ్చింది. ఆయన ఎంత నేర్పినా మర్చిపోయి, ఎవరొచ్చినా "ఇంతకీ ఏం చెయ్యమంటారు?" అనే అడిగేవాడు. చెల్లికి రెక్కలొచ్చాయని టైలరమ్మ వీధిలో చెప్పుకుంది. ఫోన్లో "బాగున్నావా, బాగున్నాను" తప్ప రెండో మాట లేకుండా రెండేళ్ళు గడిచాయి.

ఈ వేసవిలో ఒక మధ్యాహ్నం ప్రొఫెసరమ్మ ఫోన్ చేసింది. కుశలప్రశ్నలయ్యాక, "మీ చెల్లెలి షాపు ఎలా నడుస్తోంది? మీ ఎదురుగానే పెట్టుకుందిగా?" అంది.

"ఎదురుగానా? ఎవరన్నారమ్మా?"

"ఎవరూ అనలేదు. ఆ రోజు మెట్లు దిగేటప్పుడు నా చెయ్యి పట్టుకుని దింపింది కదా, అప్పుడు అడిగాను, నీ ప్రశ్నేంటని. మీ ఎదురు గది ఖాళీగా ఉందట. చెప్పుల షాపులు పక్కపక్కనే బతుకుతాయి సరే, అక్కాచెల్లెళ్ళ షాపులు ఎదురెదురుగా బతుకుతాయా అని అడిగింది. ఖాతాదార్లు పెరుగుతారని చెప్పగలను గానీ, మీ అక్క మనసు సంగతి నాకు తెలీదు, ఆమెనే అడుగు అన్నాను. అడగలేదా?"

టైలరమ్మకు తను ఫోన్ ఎప్పుడు పెట్టేసిందో తెలియదు. సూది కింద గుడ్డ అలాగే ఉండిపోయింది. ఎదురుగా అప్పట్లో గడియారాలు బాగుచేసే గది మూతపడి ఉండేది. ఇప్పుడు అక్కడ సెల్‌ఫోన్ల షాపు వెలుగుతోంది. చెల్లెలు కుట్టు మధ్యలో ఆపి కిటికీలోంచి అటే చూస్తుంటే, "కుట్టు చూడవే, వీధి కాదు" అని తను ఎన్నిసార్లు కసిరిందో అప్పుడు గుర్తొచ్చింది. వచ్చిన ప్రతివాడికీ కొలతలు తీస్తూ చెప్పిన ఆ అంగళ్ళ పాఠాన్ని పక్క మెషిన్ మీద కూర్చున్న మనిషి వింటోందని, విని ఆశ పెట్టుకుందని మాత్రం తెలియలేదు. ఇంట్లో అడిగే ధైర్యం చాలక, పదిమందిలో, పరాయి మనిషిని అడ్డం పెట్టుకుని అక్కనే అడగబోయింది.

ఆ సాయంత్రం, నీళ్ళ ట్యాంకు దగ్గర పంపు నడిపే తన భర్త ఇంటికి రాగానే టైలరమ్మ అంతా చెప్పింది. ఆయన మెల్లగా చెప్పులు విప్పుకుంటూ విన్నాడు.

"అడిగి ఉంటే ఏమనేదానివి?"

కొంగుతో కళ్ళొత్తుకుంటూ అంది: "కాదనేదాన్నండీ."

"మరి ఇంకెందుకు ఏడుపు?"

"అది కాదంటానని దానికి ముందే తెలుసు. అందుకు."

ఆయన చొక్కా గుండీలు విప్పుకుంటూ ఆగిపోయాడు.

మర్నాడు చెల్లెలికి ఫోన్ చేసింది. అవతల మెషిన్ల చప్పుడు. ఒకటి కాదు, రెండు మూడు.

"చెప్పక్కా. తొందరగా చెప్పు, బడులు తెరుస్తున్నారు, ఊపిరాడ్డం లేదు."

"ఎదురు గది సంగతి నన్నెందుకు అడగలేదే?"

మెషిన్ ఒకటి ఆగింది. "ఇప్పుడెందుకులే అక్కా అవన్నీ."

"అడిగితే ఆ రోజు ఒప్పుకునేదాన్ని కాదు. ఒప్పుకునేదాన్నని అబద్ధం చెప్పను."

"తెలుసు."

"ఇప్పుడైతే రమ్మంటాను."

"ఇప్పుడా గది లేదు. ఉన్నా నేను రాను. ఇక్కడ నా దగ్గర ఇద్దరు పనిచేస్తున్నారు, వాళ్ళనేం చెయ్యను?" మెత్తగా అంది: "కోపంతో అనట్లేదక్కా."

అదే టైలరమ్మకు గుండెల్లో గుచ్చుకుంది. కోపమైతే ఎప్పటికైనా చల్లారుతుందని ఆశ ఉండేది.

"పోనీ నేనొస్తాను. కాజాలు కుడతాను."

"నువ్వా?" చెల్లెలు ఆ రోజుల్లోలా చిన్నగా నవ్వింది. "నీ కాజాలు కాస్త వదులక్కా. అయినా మనిషి అవసరమే. ఇక్కడ నేను చెప్పినట్టు కుట్టాలి మరి."

"చెప్పు. కుడతాను."

తన షాపుకూ అదే సీజను. ఒప్పుకున్న యూనిఫారాల మూటలు భర్త సైకిలు మీద పెట్టించుకుని, ఇరవై ఏళ్ళుగా మొహం తిప్పుకుని తిరిగిన పక్క వీధి టైలరు దగ్గరికి స్వయంగా వెళ్ళింది. ఆయన కొలతల టేపు మెడలో వేసుకుని తెల్లబోయి చూశాడు. "ఇవన్నీ నాకా? తిరిగొచ్చాక ఖాతాదార్లు మళ్ళీ నీ దగ్గరికి రాకపోతేనో?" అన్నాడు. "రాకపోతే మీరు బాగా కుట్టారనుకుంటాను" అని వచ్చేసింది. ఆ వాక్యం అనడానికి ఆమెకు ఎంత కష్టమైందో ఆమె భర్తకే తెలుసు. దారిలో సైకిలు ఆయనే నడిపించాడు.

ఇంకొకటి మిగిలింది. పెట్టుబడుల గురించి దేశమంతటికీ సలహాలిచ్చే పెద్దమనిషి ఒకాయన, నాలుగేళ్ళు వెంటపడగా, ఆ నెలలోనే ఒక ఆదివారం మేడగదికి ఒప్పుకున్నాడు. అలాంటివాడు ఆ ఊళ్ళో అడుగుపెట్టడమే గొప్ప. టైలరమ్మ ఆయన సెక్రటరీకి ఫోన్ చేసి, వాయిదా వెయ్యమంది.

"ఈ తేదీ పోతే సార్‌కు మళ్ళీ ఎప్పుడు వీలవుతుందో చెప్పలేనమ్మా. అసలు వీలవకపోవచ్చు."

"వీలవకపోతే పోనివ్వండి. ఇంట్లో ఒక ప్రశ్న మిగిలిపోయింది."

సెక్రటరీకి అర్థం కాలేదు. అర్థమయ్యేలా చెప్పే ఓపిక టైలరమ్మకు లేదు.

ఆమె తన సూదులు, తన కత్తెర చిన్న సంచిలో వేసుకుని పొద్దున బండికి వెళ్ళిపోయింది. చెల్లెలు స్టేషనుకు వస్తానని గానీ రానని గానీ చెప్పలేదు. మేడగదికి తాళం పడింది. గుండీల కోసం వచ్చినవాళ్ళు, అట్టలు వేసిన పుస్తకాలు పట్టుకుని సభ కోసం వచ్చిన కాలేజీ పిల్లలు మెట్ల దగ్గరే ఆగి షట్టరు మీది రాత చదువుతున్నారు. భర్త పెద్దక్షరాలతో రాసి షట్టరుకు అతికించిన అట్ట మీద ఒకటే ముక్క ఉంది: టైలరమ్మ వచ్చేది జూన్ ఇరవై మూడు, సోమవారం.