వెల్లుల్లి చేతులతో ఢిల్లీకి

ఎనభైల మొదట్లో మాట. మా పద్మకి మూడో నెల, ఏం తిన్నా ఇమడటం లేదని ఢిల్లీ కంటోన్మెంటు నుంచి హవల్దారు అల్లుడు ఉత్తరం రాశాడు. గురువారం పదకొండింటికి బెజవాడలో ఆడవాళ్ళ పెట్టె ఎక్కాను.

"తల్లి చేతి ముద్ద పడితే అన్నీ కుదురుకుంటాయి వదినా," అంది ఎదురు సీటు గుంటూరావిడ.

మర్నాడు పదింటికి ఝాన్సీలో పూరీ కూర తిన్నాను. అక్కడ కుళాయి దగ్గర తొక్కిసలాట. వెళ్ళేవాళ్ళు మంచినీళ్ళ కూజా వెంట ఉంచుకోండి. సాయంత్రం ఆరింటికి ఢిల్లీ. ఆటోలో క్వార్టర్‌కి చేరేసరికి చీకటి పడింది. పద్మ గాజులు మోచేతి దాకా జారుతున్నాయి.

"సోమవారానికి కూడా తిండి ఇమడకపోతే ఆస్పత్రిలో చేర్చుకుంటారట అత్తయ్యా," అన్నాడు అల్లుడు.

శనివారం పొద్దున్నే గుప్పెడు వెల్లుల్లి ఒలిచి కారం దంచాను. నెయ్యేసి ముద్ద కలిపి నోటి దగ్గర పెట్టానో లేదో, పిల్ల పెరట్లోకి పరిగెత్తింది. పోనీ అని పెరుగన్నం కలిపాను. అదీ అంతే.

"అన్నం కాదమ్మా, నీ చేతి వెల్లుల్లి వాసన."

చెంచాతో పెడితే మందు తాగినట్టుందని తోసేసింది. సున్నిపిండి, చింతపండు, నిమ్మచెక్క అన్నీ రుద్దాను. ఆఖరికి నాతో తెచ్చుకున్న ఇత్తడి చెంబుకేసి రుద్దాను.

"ఇప్పుడు వెల్లుల్లి మీద గుడిగంట వాసన కూడా," అంది పద్మ నీరసంగా నవ్వి.

ఆదివారం ఉమ్మడి కుళాయి దగ్గర పక్క క్వార్టర్ పంజాబీ ఆవిడ సుర్జీత్ తట్టెడు ఉల్లిపాయలు ఒలిచి, స్టీలు గ్లాసుని సబ్బుబిళ్ళలా చేతుల్లో తిప్పుతోంది. నేను నా వేళ్ళ వాసన చూపించి మొహం చిట్లించాను.

"సాబూన్ ఛోడో మాతాజీ," అంటూ నా చేతిలో సబ్బు లాక్కుని గ్లాసు నా చేతిలో పెట్టింది. "స్టీల్ పకడో. ఠండా పానీ."

చన్నీళ్ళ ధార కింద వేళ్ళూ, గోళ్ళ సందులూ గ్లాసుకేసి రుద్దుకున్నాను. వాసన చూశాను. లేదు. మళ్ళీ చూశాను. మంత్రం లేదు, మందు లేదు, ఉత్త గ్లాసు. నా చెయ్యేనా ఇది అని తిప్పి తిప్పి చూసుకున్నాను.

లోపలికెళ్ళి పెరుగన్నం కలిపాను. పద్మ ముందు నా వేళ్ళు మూచూసింది. "అచ్ఛా," అని నోరు తెరిచింది. ఒక ముద్ద లోపలికెళ్ళింది. నేనూ అల్లుడూ దాని మొహంకేసే చూస్తూ కూర్చున్నాం. ముద్ద కడుపులో నిలిచింది.

"ఔర్ దో," ఇంకా పెట్టమంది గుమ్మంలోంచి సుర్జీత్.

సోమవారం డాక్టరమ్మ చూసి, ఇదే తిండి పెట్టమని ఇంటికి పంపేసింది.

నెలన్నర ఉండి తిరుగు బండెక్కాను. అప్పటికి పద్మ వేవిళ్ళు తగ్గాయి. ఎర్రకోటా చూశాను, కుతుబ్ మినారూ చూశాను. ఎవరడిగినా ముందు చెప్పేది మాత్రం ఆ కుళాయి సంగతే. బండి కదలబోతుంటే పద్మ కిటికీ ఊచల్లోంచి నా చెయ్యి లాక్కుని ముక్కుకి ఆనించుకుంది.

"ఏ వాసనా లేదమ్మా," అంది. "కాస్త వెల్లుల్లి ఉన్నా బాగుండేది."