తీసేసిన చెరువు నుంచి కబురు

రేపల్లె నుంచి నిజాంపట్నం వైపు వెళ్ళే బస్సులో కిటికీ పక్కన కూర్చుంటే ఒకచోట ఆ వాసన వస్తుంది. నీళ్లు తోడేసిన రొయ్యల చెరువులో బురద ఎండి పగిలాక, దాని మీద సున్నం చల్లితే వచ్చే వాసన. పక్కవాళ్ళు ముక్కుకి చెంగు అడ్డం పెట్టుకుంటారు. మొన్న ఆ దారిన వెళ్తుంటే మళ్ళీ వచ్చింది. రోడ్డుకి రెండు వైపులా నిండు చెరువుల్లో, నీళ్లలో గాలి కలిపే ఏరియేటర్ల చక్రాలు నీళ్లను చిలుకుతున్నాయి. వాటి మధ్య ఒక్క చెరువు మాత్రం తెల్లగా, చప్పుడు లేకుండా పడుకుని ఉంది. పెదవులు వాటంతటవే దువా చదువుకున్నాయి. ఆ దువా చివర, ఎప్పటిలాగే, హైమావతి మేడమ్ పేరు కలిపాను.

నేను బడికి వెళ్ళి చదువుకున్నదాన్ని కాదు. మాది బాపట్ల. చిన్నప్పుడు ఉబ్బసం వల్ల గడప దాటనిచ్చేవాళ్ళు కాదు. మా నానీ, అంటే అమ్మమ్మ, ఖురాన్‌తో పాటు తెలుగు అక్షరాలు దిద్దించింది, అమ్మీ లెక్కలు చెప్పింది, పరీక్షలు ప్రైవేటుగా రాశాను. కంప్యూటరు కూడా ఇంట్లోనే, అన్నయ్య వాడి పక్కన పడేసిన లాప్‌టాప్ మీద నేర్చుకున్నాను. తెనాలిలో ఒకావిడ పనిలోకి మనుషుల్ని తీసుకుంటున్నారని తెలిసి రైలెక్కి వెళ్ళినప్పుడు, చూపించడానికి నా దగ్గర కాలేజీ పట్టా లేదు. హైమావతి మేడమ్ అది అడగనే లేదు. తను రాసిన ప్రోగ్రామొకటి తెర మీద పెట్టి, ఇందులో నీకు నచ్చనిదేంటో చెప్పమన్నారు. భయపడుతూనే ఒకచోట వేలు పెట్టాను. ఆవిడ కాసేపు చూసి, నిజమేనని దిద్దుకుని, రేపట్నుంచి రమ్మన్నారు. మధ్యాహ్నం నమాజు వేళకి ఎక్కడ నిలబడాలా అని నేను వెతుక్కుంటుంటే, తన బీరువా పక్కకి జరిపించి ఒక మూల ఖాళీ చేయించారు. అల్లాహ్ నాకు తెరిచిన తలుపుల్లో ఆ మూల ఒకటని ఇప్పటికీ అనుకుంటాను.

మేడమ్ అంతకుముందు పాలిటెక్నిక్‌లో పాఠాలు చెప్పేవారు. ఒంటరి మనిషి. ఆ ఉద్యోగం మానేసి, ఒక మేడ మీద రెండు గదులు తీసుకుని, రొయ్యల రైతుల కోసం ఒక పని మొదలుపెట్టారు. చెరువు నీళ్లలో ఆక్సిజన్ తగ్గితే రొయ్యలు బతకవు. అందుకని నీళ్లలో ఒక మీటరు దించుతారు. అది చూసింది మా కంప్యూటరుకి చేరుతుంది. ప్రమాదం ఎక్కువగా తెల్లవారుజామునే గనక, ఆ వేళకి మా ప్రోగ్రాము మీటర్లన్నిటినీ అడిగి చూసి, నీళ్లు బాగోలేని చెరువు రైతుకి కబురు పంపుతుంది. ఆ కబురు మాటలు మేడమే రాశారు. యంత్రం అరిచినట్టు ఉండకూడదని, మనిషి లేపినట్టు ఉండాలని ఆవిడ పట్టుదల. 'కోటయ్య గారూ, చెరువులో ఆక్సిజన్ తగ్గింది. వెంటనే రండి.' పేరు మారుతుంది, మాట అదే.

చేరిన కొత్తలో చెరువుకొక క్లాసు, మీటరుకొక క్లాసు విడివిడిగా రాసి చూపించాను. క్లాసు అంటే మరేం లేదు, ఒక వస్తువు ఎలా ఉండాలో, ఏం చేయాలో రాసిపెట్టిన నమూనా. మేడమ్ చూసి, మీటరు క్లాసును చెరువు క్లాసు లోపలికి తెచ్చి పెట్టమన్నారు. ఎందుకని అడిగితే, "చెరువు లేకుండా ఈ మీటరుకి బతుకుందా అమ్మాయ్? లేనప్పుడు బయటెందుకు తిప్పుతావు?" అన్నారు. తర్వాత, లోపల పెట్టడంలోనూ రెండు రకాలున్నాయని చెప్పారు. ఒకటి అద్దెకున్నావిడ లాంటిది. ఉండేది ఆ ఇంట్లోనే గానీ ఇంటివాళ్ళ సంగతులు దానికి పట్టవు. ఆ రకానికి ముందు స్టాటిక్ అన్న మాట రాస్తాం. రెండోది కోడలు లాంటిది. వంటింట్లో ఉప్పు డబ్బా దగ్గర్నుంచి దానికి అన్నీ తెలుసు, ఏదడిగినా చెబుతుంది. మరి కోడలు పుట్టింటికి వెళ్తేనో అని నవ్వుతూ అడిగాను. "వెళ్తే మాత్రం, మనసంతా ఇక్కడే. గ్యాసు కట్టేశానా లేదా అని," అని ఆవిడా నవ్వారు. అంతలోనే నవ్వు ఆపి, ఆ రెండో రకం తన ఇంటిని ఒక దారంతో పట్టుకుని ఉంటుందని, ఆ దారం మనం రాసినది కాదు గనక రాతలో ఎంత వెతికినా కనపడదని చెప్పారు. మా మీటరు ఆ రెండో రకమే.

ఒక వేసవి ఉదయం అడవులదీవి నుంచి శ్రీను వచ్చాడు. కోటయ్యకి తమ్ముడు. కోటయ్య మా మొదటి రైతుల్లో ఒకరు. చలికాలంలో ఒక తెల్లవారుజామున మా కబురు అందగానే చెరువుకి వెళ్ళారు. ఆగిపోయిన ఏరియేటరును కదపబోతే, తెగిన వైరు తగిలి, ఆ నీళ్లలోనే పోయారు. తర్వాత చెరువు తోడేశారు. మీటరు పీకి తెచ్చి మాకు అప్పగించింది శ్రీనే. మేడమ్ తన చేతులతోనే కోటయ్య చెరువును మా కంప్యూటరులోంచి తీసేశారు.

శ్రీను నీళ్లు కూడా ముట్టుకోకుండా మొదలుపెట్టాడు. "మా అన్నకి మీ మెసేజీలు వస్తన్నయ్యండి."

పెద్దకర్మ అయ్యేదాకా అన్న ఫోను పెట్టెలో పడి ఉందట. వదిన నాగమణి ఒకరోజు దాన్ని చార్జింగులో పెడితే, అన్నాళ్ళ కబుర్లూ ఒకదాని వెనక ఒకటి వచ్చి పడ్డాయట. అప్పట్నుంచి రోజూ తెల్లారుజామున ఒకటి. కోటయ్య గారూ, వెంటనే రండి. అది మోగగానే ఆమె లేచి చెరువు దగ్గరికి వెళ్ళి నిలబడుతోంది. ఫోను ఎవర్నీ ముట్టుకోనివ్వడం లేదు. ఆయన పిలుస్తున్నాడు, ఇక నేనూ వెళ్తానంటోంది. వెనకాలే ఒక పెద్ద మురుగుకాలవ ఉందని చెబుతూ శ్రీను మాట మింగేశాడు. "మీరు ఆపేయండి చాలు. ఇంకేం వద్దండి."

మేడమ్ లేచి బీరువా తెరిచారు. కోటయ్య చెరువు మీటరు కింది అరలోనే ఉంది. బ్యాటరీ లేదు, వైరు చుట్టి ఉంది, కొనకి ఆ చెరువు బురద ఎండి అంటుకుని ఉంది. ముగ్గురం దాన్ని చూస్తూ నిలబడిపోయాం. నేను రోజూ నుదురు నేలకి ఆనించి సజ్దా చేసే చోటు దానికి మూరెడు దూరం. కాపాడమని మనసులో ఆయతుల్ కుర్సీ చదువుకున్నాను.

మేడమ్ కూర్చుని వెతకడం మొదలుపెట్టారు. తెర మీద చెరువుల వరసలో కోటయ్య పేరు లేదు. కానీ నడుస్తున్న ప్రోగ్రాము జ్ఞాపకంలోకి తొంగిచూస్తే, చెరువు మొత్తం చెక్కుచెదరకుండా ఉంది. కోటయ్య పేరు, ఫోను నంబరు, మీటరు ఆఖరిసారి చూసిన నీళ్లు. సంగతి నాకు విడమరచి చెప్పారు. చెరువును వరసలోంచి తీసేశాం గానీ, తెల్లవారుజామున అడిగే ప్రోగ్రాముకి దాని మీటరును వదిలేయమని చెప్పలేదు. అది మీటరును పట్టుకుని ఉంది. మీటరు కనపడని దారంతో తన చెరువును పట్టుకుని ఉంది. ఎవరో ఒకరు పట్టుకుని ఉన్నంతకాలం కంప్యూటరు దేన్నీ ఊడ్చేయదు. అడిగినప్పుడల్లా ఆ చెరువు తనకు తెలిసిన ఆఖరి నీళ్లనే చూపిస్తోంది. "దానికి ఇంకా ఆ తెల్లవారుజామే నడుస్తోంది షమీమ్," అన్నారు మెల్లగా.

ప్రోగ్రాము ఒకసారి ఆపి మళ్ళీ మొదలుపెడితే అంతా తుడిచిపెట్టుకుపోతుంది కదా అన్నాను. పోతుందన్నారు. శ్రీను ఆశగా ముందుకి వంగాడు. మేడమ్ చెయ్యి మాత్రం కదల్లేదు. "రేపు కబురు రాదు. ఆ అమ్మాయి ఏమనుకుంటుంది? పిలిచి పిలిచి విసిగిపోయి మానేశాడనుకుంటే?" అన్నారు. ఆవిడ లాప్‌టాప్ సంచిలో పెట్టుకుని, రేపల్లె రైలు ఎన్నింటికో కనుక్కోమన్నారు.

మేము ఆ ఇల్లు చేరేసరికి ఎండ నడినెత్తిన ఉంది. వాకిట్లో కోటయ్య తల్లి కూర్చుని ఉంది. వచ్చిన పని శ్రీను చెప్పగానే మొహం తిప్పుకుంది. నా కొడుకు పెళ్ళాన్ని పిలుచుకుంటుంటే మధ్యలో ఆపడానికి మీరెవరంది. కోడలు పొద్దుటి నుంచీ చెరువు దగ్గరే ఉందని చెప్పి, మళ్ళీ మా వైపు చూడలేదు.

చుట్టుపక్కల చెరువులన్నిట్లో చక్రాలు తిరుగుతున్నాయి. కోటయ్య చెరువు మాత్రం తెల్లగా, పగుళ్ళు తేలి ఉంది. బురద పచ్చిగా ఉన్నప్పుడు పడిన అడుగులు అందులో గట్టిపడిపోయాయి. అన్నీ ఆడమనిషి పాదాలే. అన్నీ గట్టు దిగి లోపలికి వెళ్ళినవే. వెనక్కి వచ్చిన అడుగు ఒక్కటీ లేదు. అవతలి గట్టెక్కి చుట్టూ తిరిగి ఇంటికొస్తుందని శ్రీను చెప్పేదాకా గట్టు పొడుగునా వెతుకుతూనే ఉన్నాను.

నాగమణి ఆ మధ్యలోనే, తిరగబడి ఉన్న ఏరియేటరు పక్కన కూర్చుని ఉంది. నా ఈడుదే ఉంటుంది. ఒళ్ళో ఫోను. మేడమ్ చెప్పులు గట్టు మీద విడిచి, దిగి వెళ్ళి, ఆ మట్టిలో ఆమె ఎదురుగా కూర్చున్నారు. నేనూ కూర్చున్నాను. మేడమ్ తనెవరో చెప్పారు. మీటరు గురించి, పట్టు వదలని దారం గురించి, మాకు చెప్పినంత ఓపికగా ఆమెకీ చెప్పారు. నాగమణి విన్నదో లేదో తెలియలేదు. ఆమె కళ్ళు ఫోను మీదే ఉన్నాయి.

"వెంటనే రండి అని పిలిచింది ఆయన కాదమ్మా," అన్నారు మేడమ్. "నేను. ఆ మాట రాసింది నేను. తీసేశాననుకుని సరిగ్గా తీసెయ్యనిదీ నేనే. ఆయన పేరుతో రోజూ నిన్ను లేపింది నా పొరపాటు."

నాగమణి తలెత్తింది. "ఆయన్ని ఆ రోజు పిలిచింది కూడా మీరేనా అమ్మా?"

"ఆ మాటా నాదే," అన్నారు మేడమ్. చూపు దించుకోలేదు.

చక్రాల చప్పుడు నీళ్లలో ఎవరో గుంపుగా నడుస్తున్నట్టు వినపడుతోంది. అప్పుడు నాగమణి ఫోనులో వెతికి, ఒక కబురు తెరిచి, మొదటిసారిగా దాన్ని మా చేతికిచ్చింది. మిగతా వాటిలా లేదది. 'కోటయ్య గారూ, నీళ్లు బాగున్నాయి. నిశ్చింతగా పడుకోండి.'

ఫోను మేడమ్‌కి అందించాను. ఆ మాటలూ మేడమ్ రాసినవే. ప్రమాదం తప్పాక రైతుకి పంపడానికి రాసినవి. కానీ అవి వెళ్ళాలంటే మీటరు మంచి నీళ్లను కొత్తగా చూడాలి. మీటరేమో మా బీరువాలో బ్యాటరీ లేకుండా పడి ఉంది. పాత నీళ్లే చూపిస్తున్న చెరువు నుంచి ఆ కబురు రావడానికి దారే లేదు.

మొన్నొక తెల్లారుజామున ఇక్కడ ఆగకుండా మురుగుకాలవ దాకా వెళ్ళానని నాగమణి చెప్పింది. మోకాళ్ళ లోతు దిగానని, అప్పుడు ఇది మోగిందని, చదువుకుని వెనక్కి తిరిగానని. ఆ తర్వాత అడిగింది. "ఇది కూడా మీదేనా?"

నేను మేడమ్ వైపు చూశాను. అవునంటే ఆమెని వెనక్కి తిప్పిన ఒక్క మాటా పోతుంది. ఆయనదే అంటే రేపట్నుంచి మళ్ళీ ఆయన కోసమే తిరుగుతుంది. మేడమ్ ఆ కబురును మళ్ళీ మళ్ళీ చదివారు. ఆవిడ అంతసేపు ఆలోచించడం నేను ఎప్పుడూ చూడలేదు.

"మాటలు నావేనమ్మా. ఎవరు పంపారో మాత్రం నాకు తెలియదు," అన్నారు.

నాగమణి ఆవిడ మొహంలోకి చూస్తూ ఉండిపోయింది, ఏదో తూచుకుంటున్నట్టు. తర్వాత భోరున ఏడ్చింది. ఆయన పోయాక వదిన కంట తడి చూడటం ఇదే మొదటిసారని శ్రీను గట్టు మీద నుంచి కళ్ళు తుడుచుకుంటూ అన్నాడు. మేడమ్ ఆమె తల నిమురుతూ, ఆపెయ్యమంటావా తల్లీ అని అడిగారు. ఆమె తలూపింది. ఆ మట్టిలోనే లాప్‌టాప్ తెరిచి, తెల్లవారుజామున అడిగే ప్రోగ్రాము చేతిలోంచి మీటరును విడిపించారు. దారం తెగింది. చెరువు పోయింది. ఫోనుని నాగమణి తనే శ్రీను చేతిలో పెట్టింది.

తిరుగు రైల్లో ఉండబట్టలేక, ఏదో ఒక మంచి మాట చెప్పి ఉండొచ్చు కదా మేడమ్ అన్నాను. ఆవిడ కిటికీలోంచి చూపు తిప్పకుండానే, ఆ అమ్మాయి ఇప్పటిదాకా భర్త మాట కానిదాన్ని భర్తదని నమ్మే ఇంత దూరం వచ్చింది, ఇంకొకటి చేతిలో పెట్టలేనన్నారు. మర్నాడు కూర్చుని మీటరును స్టాటిక్ చేశారు, ఇల్లు పోతే పట్టుకుని వేలాడకుండా. తర్వాత ఆ రెండో కబురు కోసం వారాల తరబడి వెతికారు. పంపినట్టు మా దగ్గర జాడే లేదు. నెట్‌వర్కు తప్పనో, ఇంకొకటనో సరిపెట్టుకోమని నేను ఎన్నిసార్లు అన్నా ఆవిడ ఒప్పుకోలేదు. తెలియదంటే తెలియదనే అన్నారు.

నాగమణి బతికింది. చెరువు కౌలుకిచ్చి రేపల్లెలో బట్టల కొట్టులో పనికి చేరింది. కిందటేడు మేడమ్ పోయినప్పుడు ఆమె తెనాలి వచ్చి, కాళ్ళ దగ్గర చాలాసేపు కూర్చుని, ఎవరితోనూ మాట్లాడకుండా వెళ్ళింది.

ఆ రెండు గదుల పని ఇప్పుడు నేను చూస్తున్నాను. కొత్తగా వచ్చే పిల్లలకి, ఏదైనా తీసేసేటప్పుడు దాన్ని ఇంకా ఎవరు పట్టుకుని ఉన్నారో చూడమని చెబుతాను. అది నేర్పించగలిగిన సంగతి. రెండోది ఎలా నేర్పాలో నాకింకా తెలియదు. హైమావతి మేడమ్ గుడికి వెళ్ళడం నేను చూడలేదు, దేవుడి మాట ఎత్తగా వినలేదు. కానీ తనదైన తప్పుని ముందు తనదని చెప్పుకుని, అక్కడితో ఆగి, మిగిలినదాన్ని పైనున్న దాని యజమానికి వదిలేయడం నేను ఆవిడ దగ్గరే చూశాను. ఇంట్లో నానీ దీన్ అని నేర్పిన ధర్మమంతా ఆ మధ్యాహ్నం ఆ ఎండిన మట్టి మీద నాకు అర్థమైంది. ఎవరైనా కష్టంలో వచ్చి ఇదెందుకు జరిగిందని నన్ను అడిగితే, తీయటి మాట నాలుక చివరిదాకా వస్తుంది. దాన్ని మింగి, నాకు తెలియదమ్మా అంటాను. అన్నాక లేచి వెళ్ళిపోను, వాళ్ళ పక్కనే కూర్చుంటాను.