వుకాషిన్ గారి సాక్షి ముక్క

డాక్టర్ వుకాషిన్ దేన్నీ ఒంటరిగా నమ్మరు. పక్కన ఇంకొకటి ఉండాలి. ఆ ఇంకొకదానికి ఆయన పెట్టిన పేరు సాక్షి.

తప్పు మా వృత్తిదే. నీష్ నగరంలో ఒక ఆస్పత్రి వెనక వైపు, బాయిలర్ గది పక్కన ఆయనా నేనూ కూర్చుంటాం. రొమ్ము కణితుల ముక్కలు మా దగ్గరికి వస్తాయి. పలచగా కోసి, రంగు పట్టించి, ఫలానా ప్రోటీన్లు ఉన్నాయో లేవో చూస్తాం. ఉంటే గోధుమరంగు, లేకపోతే నీలం. ఏ మందు పనిచేస్తుందో, ఆ మనిషికి ముందున్న కాలం ఎలాంటిదో ఆ రంగును చూసి చెప్పాలి. అందుకని రంగు తప్పకుండా పట్టే మంచి ముక్కను పక్కన పెట్టి చూడటం పద్ధతి. తక్కినవాళ్లం ఆ పద్ధతిని సాయంత్రం తెల్లకోటుతో పాటు కొక్కేనికి తగిలించి ఇంటికి పోతాం. ఆయన తొడుక్కుని పోతారు.

పొద్దున్నే బురెక్ అనే పొరల రొట్టె కొంటారు. ఎదురు దుకాణంలో ఇంకొకటి కొంటారు. ఇందులో ఓ ముక్క, అందులో ఓ ముక్క కొరుకుతారు.

"నా కొట్లో నిలబడి వాడి బురెక్ తింటావేంటయ్యా?" అన్నాడు మొదటి కొట్టు యజమాని గ్లిగోరియె.

"నీది బాగుందనాలంటే వాడిది తినాలిగా."

"సరే. తిన్నావుగా. బాగుందా?"

"వాడిది ఇవాళ మాడిపోయింది. సాక్షి చెల్లదు. రేపు చూద్దాం."

తన పెళ్లిలో ఇద్దరు సాక్షులు సంతకం చేస్తే, ఆ ఇద్దరినీ కనిపెట్టి ఉండటానికి మూడో మనిషి కావాలన్నారట. పెళ్లికూతురు యెవ్రోసిమా లేచి పోకపోవడం వైద్యశాస్త్రానికి ఇప్పటికీ అంతుపట్టని విషయం. "నేనంటే ఇష్టమేనా అని ఒకసారి అడిగాను. ఎవరితో పోల్చి చెప్పమంటావు అన్నాడు. మళ్లీ అడగలేదు" అని ఆవిడ నాతో చెప్పింది. చెబుతూ నవ్వింది కూడా. అలవాటైన రోగాలకు నొప్పి తెలియదు.

జనవరిలో గ్రోజ్దానా వచ్చింది. కొండల్లోని ఒక చిన్న ఊరి సంతలో గొర్రెపాల చీజు అమ్ముతుంది. చేతిసంచిలోంచి తన కణితి ముక్క ఉన్న మైనపు దిమ్మ తీసి బల్లమీద పెట్టింది. మా దేశంలో రోగే తన కణితిని సంచిలో వేసుకుని ఊరూరా తిరుగుతుంది. ఆస్పత్రులు కూర్చునే ఉంటాయి. వాటికి కాళ్ల నొప్పులు.

"మూడు ప్రోటీన్లూ లేవన్నారు మా ఊళ్లో. అంటే మొండిరకమంట, మాత్రలకి లొంగదంట. అవునో కాదో మీరు చెప్పండి" అంది. ఒక పొట్లం కూడా పెట్టింది. "ఇదిగో చీజు. నా చేతి చివరిది."

వుకాషిన్ ఓ ముక్క కోసి, వాసన చూసి, నమిలారు.

"ఇంకొకటేది?"

"ఏం ఇంకొకటి?"

"పక్కన పెట్టి పోల్చడానికి."

"నా చీజుకి పోలికా? చావబోయే మనిషి తెచ్చిస్తే బేరానికొచ్చినట్టు మాట్లాడతారేంటయ్యా!"

"చస్తావని ఎవరన్నారు?"

"రిపోర్టు."

"దాని పక్కనా ఏమీ లేదు."

ఆమె నా వైపు తిరిగింది. "ఈయనెప్పుడూ ఇంతేనా డాక్టరమ్మా?"

"లేదమ్మా. ఇవాళ కాస్త నయం."

మా దగ్గరా కణితి నీలంగానే వచ్చింది. "వాళ్లు రాసిందే నిజం. సంతకం పెట్టండి" అన్నాను. ఆయన మైక్రోస్కోప్ నా వైపు జరిపారు.

"కణితి వదిలెయ్యి. దాని పక్కన మామూలు పాల నాళాలున్నాయి, వాటిని చూడు."

అవీ నీలమే. ఆరోగ్యంగా ఉన్న నాళంలో ఎంతో కొంత గోధుమరంగు పట్టి తీరాలి.

"సాక్షే మూగైతే ముద్దాయి మాట్లాడలేదని శిక్ష వేస్తావా? ఈ ముక్క మన దాకా రాకముందే చెడింది."

కోసిన ముక్కను వెంటనే ఫార్మలిన్‌లో వేయకపోతే అందులోని ప్రోటీన్లు పాడైపోతాయి. ఆయన గ్రోజ్దానా ఊరి సర్జన్‌కు ఫోన్ చేశారు.

"ఫార్మలిన్‌లో వేశారా బాబూ?"

"వేశాం సార్."

"ఎప్పుడు?"

"సోమవారం."

"కోసింది?"

"శుక్రవారం. సెయింట్ నికోలా పండగ సార్. మా ఇంటి దేవుడు. ఆస్పత్రంతా మా ఇంట్లోనే భోజనం."

"మరి ముక్క?"

"తడిగుడ్డలో చుట్టి కిటికీలో పెట్టాం."

"పాపం, దాన్నొక్కదాన్నే పిలవలేదన్నమాట."

ఆపరేషన్‌కు ముందు సూదితో తీసిన చిన్న ముక్క ఒకటి వేరుగా ఉందట. అది వెంటనే ఫార్మలిన్‌లో పడిందట. నెలాఖరులోగా వెతికి పంపుతామన్నారు. ఏ నెలో చెప్పలేదు.

గ్రోజ్దానా ఫలితం కోసం వచ్చింది. "తేలలేదు" అన్నారు వుకాషిన్.

"కణితి సంగతా?"

"నీ చీజు సంగతి. శనివారం మీ ఊరి సంతకెళ్లి ఇంకొకటి తెస్తాను. అప్పుడు మాట్లాడదాం."

ఆమె ఆయన్నీ, ఆయన్ని కన్న తల్లినీ, చదువు చెప్పిన పంతుళ్లనీ వరసగా తిట్టింది. తర్వాత వరండాలో కూర్చుని ఏడ్చింది.

"పరీక్ష చెడిందని ఒక్క మాట చెప్పొచ్చుగా! ఆశ ఉంటుంది" అన్నాను. ఆయన చీజు కోసిన చాకు కడుక్కుంటున్నారు. మనిషి తనకు ఏది ముఖ్యమో అది చేస్తాడు.

సోమవారం ఆయన బూట్లనిండా బురదతో వచ్చారు. కోటు జేబులోంచి మైనపు దిమ్మ తీశారు.

"చీజేది?" అన్నాను.

"ఎవడు కొన్నాడు? ఆ ఆస్పత్రి బీరువా తాళంచెవి ఉన్నామె పక్క ఊళ్లో ఏదో పేరంటంలో ఉంది. ఆమెను పట్టుకొచ్చేసరికి సంత ఎత్తేశారు."

సూదిముక్కకు రంగు పట్టించాం. పక్కనున్న మంచి నాళాలు గోధుమరంగు. కణితి ముదురు గోధుమరంగు. హార్మోన్‌ను అందుకునే ప్రోటీన్లు రెండూ నిండుగా ఉన్నాయి. మూడోది లేదు. విభజన చెందుతున్న కణాలు తక్కువ. నెమ్మదిగా పెరిగే రకం, మాత్రలకు లొంగే రకం.

గ్రోజ్దానాకు చెప్పాం. అంతా విని అడిగింది.

"ఆ ముక్క చెడిందని మీకు ముందే తెలుసా?"

"తెలుసు."

"ఒక్క మాటంటే మీ సొమ్మేం పోయేది? ఏడ్చి చచ్చాను."

"చెప్పాక ఇది కూడా నీలంగా వస్తే? ఒకసారి ఏడ్చినదానివి మళ్లీ మొదట్నించీ ఏడవాలి. అంతకంటే నన్ను తిట్టుకోవడం నయం."

"తిట్టాను. గట్టిగానే తిట్టాను."

"విన్నాను. మా అమ్మని కూడా."

నేను మైక్రోస్కోప్‌లోకి చూస్తున్నాను. అందులో స్లైడు లేదు.

"అంతా బాగానే ఉందయ్యా. గొర్రెల సంగతేం చెయ్యను?" అంది గ్రోజ్దానా.

"ఏ గొర్రెలు?"

"ఎలాగూ పోతున్నానని మా అన్న కొడుక్కి ఇచ్చేశాను. ఏ మొహంతో అడగను? ఇంకా పోలేదేంటత్తా అంటాడు. పైగా మున్సిపాలిటీలో పని. కాగితం మీద ముద్ర లేకపోతే దేవుడు చెప్పినా వినడు."

వుకాషిన్ ఆస్పత్రి కాగితం ఒకటి ముందుకు లాక్కున్నారు. 'రోగి ఆరోగ్య కారణాల రీత్యా గొర్రెలను తక్షణమే తిరిగి అప్పగించవలెను' అని రాసి, సంతకం పెట్టి, ముద్ర కొట్టారు.

ఆమె కాగితాన్ని వెలుతురులో పెట్టి చదువుకుంది.

"పొట్టేలని కూడా రాయండి. లేకపోతే దాన్ని ఉంచేసుకుంటాడు."

ఆయన కళ్లజోడు సర్దుకుని, 'పొట్టేలుతో సహా' అని చేర్చి, అక్కడ ఇంకో ముద్ర కొట్టారు.