గడప దాకా వెళ్లిన బేరం

నాన్న నన్ను గుర్తుపట్టడం మానేసిన కొత్తలో డాక్టరు దగ్గర కూడా బేరమాడాను. సికింద్రాబాద్‌లో మా బట్టల దుకాణం గల్లాపెట్టె పక్కన పెరిగినదాన్ని. చెప్పిన ధరకు దేన్నీ ఒప్పుకోవడం చేతకాదు.

డాక్టరమ్మ రెండు చూపుడు వేళ్లు ఎదురెదురుగా పెట్టి, తాకనివ్వకుండా ఆపింది. మెదడులో నాడీకణాలు ఒకదానికొకటి అంటుకుని ఉండవట. మధ్యలో సన్నని సందు. ఇవతలి కణం చివర చిన్న చిన్న సంచుల్లో దాచిన రసాయనం బయటపడి, ఆ సందు దాటి, అవతలి కణం అందుకుంటేనే కబురు చేరినట్టు. ఆ చోటును సినాప్స్ అంటారట. నాన్నకు అవే రాలిపోతున్నాయట.

"కొత్తవి వద్దు మేడం, పాతవాటిల్నే జెర కొన్ని నిలబెట్టుండ్రి."

ఆమె నవ్వలేదు. "బాగా వాడినవి గట్టిపడతాయి. అవి కొంతకాలం నిలవచ్చు. మాటివ్వలేను."

నాన్న జీవితమంతా వాడింది ఒక్కటే, బేరం. బోయిగూడలో ఇంటికి రాగానే నా పాత చీర ఒకటి ఆయన ఒళ్లో పెట్టాను.

"సేట్, గిది ఎంతకిస్తవ్?"

వేళ్లు అంచును తడిమాయి. ధర చెప్పాడు. సగానికి అడిగాను.

"మజాక్ షురూ చేసినవా తల్లీ? పో, వేరే దుకాణం చూస్కో."

ప్రాణం లేచొచ్చింది. ఇక కొనేవాళ్లు వెళ్లిపోవాలి, అమ్మేవాళ్లు వెనక్కి పిలవాలి. వెళ్లేటప్పుడు వెనక్కి చూస్తే బేరం పోయినట్టేనని చిన్నప్పుడు నాన్నే నేర్పాడు. ఆ విద్యతో ఎందరు ఆటోవాళ్లను ఏడిపించానో.

గడప దాకా నడిచాను. వెనక ఫ్యాను చప్పుడు తప్ప ఏమీ లేదు. కబురు ఆ సందులో ఎక్కడో ఆగిపోయిందేమో. ఇంత బేరగత్తెనై ఉండీ ఆగలేక వెనక్కి చూశాను.

నాన్న సూటిగా నా ముఖంలోకి చూస్తున్నాడు. "ఎన్నిసార్లు చెప్పాలె బిడ్డా నీకు, ఎనక్కి చూడొద్దని?"

కొనడానికొచ్చిన ఏ గిరాకీకీ చెప్పే మాట కాదది. పరుగున వెళ్లి చేతులు పట్టుకున్నాను. అప్పటికే ఆ చూపు వెళ్లిపోయింది. మెల్లగా చేతులు విడిపించుకున్నాడు.

"గిరాకీలు గల్లా దిక్కు రావొద్దమ్మా."

ఇప్పుడు రోజూ అదే చీర, అదే బేరం. గడప దగ్గర రోజూ వెనక్కి చూస్తాను. ఆయన నన్ను దాటి వాకిట్లోకి చూస్తుంటాడు.

"మా బిడ్డ బజార్‌కు పోయింది, ఇంకా రాలే. నీకు ఏడన్న గిట్ల కనబడ్డదా?"

"వస్తున్నది సేట్," అంటాను.