వేపమొక్క కింద రాయి

ఈ రోజు గుడియాత్తం నుంచి వేలూరుకు బండి మీద వస్తుంటే, రోడ్డు పక్కన వేపమొక్క కింద ఒక సైనికుడి పేరు చెక్కిన రాయి కనిపించింది. అమరవీరుడేమోనని ఆగి, చెప్పులు విడిచి, ఇంటికని కొన్న మల్లెపూలు రాయి మీద పెట్టి దండం పెట్టాను. పుట్టిన తేదీ ఉంది. దాని కింది వరుస మాత్రం మందంగా పసుపు పూసి ఉంది.

బిందెతో నీళ్లు తెస్తున్న పెద్దావిడ పరుగున వచ్చి ఆ పూలు తీసేసింది.

"మావాడు బతికే ఉండాడు నాయనా! పొద్దున కూడా ఫోన్ చేసినాడు. పట్టాళానికి పోయేటప్పుడు వాడు నాటిన చెట్టిది. పేరు చెక్కమంటే, రాయి కొట్టేటాయన సమాధులకు చెక్కే అలవాటులో 'మరణం' అని కూడా చెక్కేసినాడు. దినామూ పసుపు పూసి మూస్తా ఉండాను."

"వేరే రాయి పెట్టించొచ్చు కదమ్మా?"

"కొడుకు పేరుండే రాయిని నా చేత్తో పెరికేదా? నీకు నోరెట్లా వచ్చింది నాయనా?"

ఆమె తీసేసిన పూలు మొక్కకు చుట్టి వచ్చేశాను. ఆ రాయి ఉంచడం తప్పా, తీయడం తప్పా? నాకైతే ఇంకా తేలలేదు. మీరైతే ఆమెకు ఏం చెప్పేవారు?

ఇక్కడ ఇప్పుడే వాన మొదలైంది. నా మనసంతా ఆ పసుపు మీదే ఉంది.