రెండుసార్లు పూసిన గోడ

బుఖారా పాత నగరంలోని మా వీధిలో ఉస్తా షుక్రుల్లా గారి చెయ్యి పడని ఇల్లు అరుదుగా కనిపిస్తుంది. ఉస్తా అన్నది మా వద్ద మేస్త్రీని గౌరవంగా పిలిచే మాట. పాత ఇంటిని బాగుచేయవలసిందిగా ఎవరైనా కోరినప్పుడు, ఆయన మొదటి రోజు ఏ పనిముట్టునూ ముట్టుకునేవారు కాదు. వాకిట్లో పీట వేయించుకుని, టీ తాగుతూ, ఎండ ఏ గోడ మీదికి ముందుగా వస్తుందో, ఏ మూల ఎంతసేపు నీడగా ఉంటుందో గమనించేవారు. ఆ తరువాత లేచి, గోడ అడుగున ఒక పెచ్చును గోటితో గీకి నాలుక మీద వేసుకునేవారు. మాది చౌడు నేల. ఉప్పు ఎంత ఎత్తుకు పాకిందో కన్ను చెప్పకముందే నాలుక చెబుతుందని ఆయన విశ్వాసం. ఉస్తాను పనికి పిలిస్తే ఇంట్లో భోజనం వండనక్కరలేదని, గోడ తిని కడుపు నింపుకుంటారని వీధిలో ఆడవాళ్లు నవ్వుకునేవారు.

ఆయన నవ్వులకు వెరచే మనిషి కారు. యువకుడిగా ఉన్నప్పుడు నగరం బయట అయిదంతస్తుల ఇళ్ల కోసం కాంక్రీటు పలకలు పోసే కర్మాగారంలో పనిచేశారు. కనుక సిమెంటు గురించి ఆయనకు తెలియనిది లేదు, దాని మీద ద్వేషమూ లేదు. "సిమెంటు మంచిదే, తన ఇంట్లో తాను ఉన్నంతవరకు" అనేవారు. పాత ఇళ్లకు మాత్రం అవి మొదట దేనితో కట్టబడ్డాయో అదే వాడేవారు: ఇటుక పీఠం, దాని మీద చెమ్మను ఆపే రెల్లు వరస, రెల్లు మీద కర్ర చట్రం, చట్రానికి మట్టీ గడ్డీ కలిపిన పూత.

ఇతరుల ఇళ్లన్నీ నిలబెట్టిన తరువాతనే ఆయన తన ఇంటి వైపు తిరిగారు. ఆ ఇంటి అతిథి గదిని ఆయన తాతగారు స్వయంగా తీర్చారు. ఉత్తరపు గోడ నిండా చిన్న గూళ్లు, ప్రతి గూటి చుట్టూ తెల్లని గచ్చులో చెక్కిన దానిమ్మ తీగ, తీగకు ఎరుపు, పసుపు రంగులు. వెనుకటి ప్రభుత్వ కాలంలో ఆ గదిని కుట్టుపనివారి సంఘానికి ఇచ్చారు. వారు గోడలన్నింటికీ నీలి నూనెరంగు వేశారు. గది తిరిగి చేతికి వచ్చాక చాలా కాలం అది అలాగే నీలంగా ఉండిపోయింది.

కొడుకు దిల్‌మురాద్‌కు పెళ్లి నిశ్చయమైనప్పుడు కథ కదిలింది. పెళ్లి మరునాడు కొత్త కోడలిని జరీ దుస్తుల్లో కూర్చోబెట్టి, ఇరువైపుల స్త్రీలకు ఆమె ముఖం చూపించడం మా ఆచారం. ఆ కోడలు తాతగారి దానిమ్మల కింద కూర్చోవాలని ఉస్తా సంకల్పించారు. ఆయనా, భార్య మహ్ఫూజా గారూ వసంతమంతా గోరువెచ్చని నీటితో, సన్నని కత్తితో ఆ నీలిరంగును పొరపొరగా ఒలిచారు. దానిమ్మలు ఒక్కొక్కటే వెలుగు చూశాయి. ఇక మిగిలింది గూళ్ల కింది భాగానికి మట్టి పూత మాత్రమే. అందుకోసం వాకిట్లో మట్టిని గడ్డితో కలిపి నానబెట్టి, అది పులిసే లోపల వరండా స్తంభానికి కావలసిన కర్ర తీసుకురావడానికి ఆయన గిజ్దువాన్ అనే ఊరికి వెళ్లారు.

ఆయన లేని సమయంలో పొరుగింటి జుమానజర్ గారు హషర్ పిలిచారు. ఒక ఇంటికి కష్టమో శుభమో వచ్చినప్పుడు వీధివారందరూ వచ్చి కలిసి పనిచేసి, ఆ ఇంటి పలావు తిని వెళ్లడమే హషర్. దానిని వద్దనడానికి ఎవరికీ నోరు రాదు. హషర్‌కు తలుపు మూసిన ఇంటి తలుపు రేపు చావుకు కూడా ఎవరూ తట్టరు. జుమానజర్ గారు బస్సు నడిపి విశ్రాంతి తీసుకుంటున్న మనిషి. గొంతూ పెద్దది, మనసూ పెద్దదే.

"ఉస్తా వచ్చాక చేసుకుందురు గానీ" అని మహ్ఫూజా గారు అన్నారు.

"చెల్లెమ్మా, మీరు పలావు సంగతి చూడండి. గోడ సంగతి మేం చూస్తాం. ఉస్తా వచ్చేసరికి గది అద్దంలా ఉండాలి."

ఆమె క్యారెట్లు తరగడానికి వెళ్లారు. వాకిట్లోని మట్టి పుల్లని వాసన వేస్తున్నందున అది చెడిపోయిందని నిర్ణయించి, జుమానజర్ గారు దానిని మల్బరీ చెట్టు మొదట్లో పోయించారు. తన గ్యారేజీ కోసం దాచుకున్న సిమెంటు బస్తాలను స్వయంగా మోసుకొచ్చారు.

ఉస్తా తిరిగి వచ్చేటప్పటికి గూళ్ల కింది గోడంతా బూడిదరంగులో నున్నగా మెరుస్తున్నది. రెల్లు వరస ఎక్కడుందో జాడ లేదు. వీధివారు చేతులు కడుక్కుని, ప్రశంస కోసం వరుసగా నిలబడి ఉన్నారు. ఉస్తా గోడను చూశారు, మల్బరీ చెట్టును చూశారు. అందరికీ నమస్కరించి పళ్లెం ముందు కూర్చున్నారు.

"ఏం ఉస్తా, మాట రావట్లేదే?" అని జుమానజర్ గారు అడిగారు.

"నోట్లో పలావు ఉందన్నా. మీ చేతులు చల్లగుండాలి. ఇంత తిన్నగా నేను కూడా పూయలేను."

అందులో అబద్ధం లేదు. పూత తిన్నగానే ఉన్నది. అయితే అది గోడకు ఊపిరాడకుండా కట్టిన గుడ్డ వంటిది. నేలలోని చెమ్మ బయటికి పోయే దారి లేక పైకి పాకుతుంది, వెంట ఉప్పును తీసుకుపోతుంది. పైన ఉన్నవి దానిమ్మలు.

అందరూ వెళ్లాక గిన్నెలు తోముతూ మహ్ఫూజా గారు అడిగారు. "వాళ్లకెప్పుడు చెప్తారు?"

"నేను చెప్పను. గోడే చెబుతుంది."

"గోడ నోరు విప్పేలోపు తాతగారి పువ్వులు రాలిపోతే?"

"రాలనిస్తానా? నేను రోజూ పక్కనే ఉంటానుగా. ఇప్పుడే పీకితే అందరి ముఖాన కొట్టినట్టవుతుంది. పెళ్లికి వడ్డించేది ఆ చేతులే."

"మీ ధీమా చూస్తే నాకు భయమేస్తుంది."

"ఇంతకాలానికా?" అని ఆయన నవ్వారు.

అది మొదలు ప్రతి ఉదయం ఆయన ముంజేతి వెనుక భాగాన్ని గోడకు ఆనించి చూసేవారు. బూడిదరంగు పైన నల్లని చెమ్మ గీత కనిపించింది. కొద్ది రోజులకు ఆ గీత మీద తెల్లని నూగు పొంగింది. అది మొదటి గూటికి జానెడు దూరంలోకి రాగానే, ఉస్తా రెండు రొట్టెలను శుభ్రమైన గుడ్డలో చుట్టుకుని జుమానజర్ గారి తలుపు తట్టారు. మా వద్ద అలా రొట్టెలతో వచ్చేది పెళ్లి సంబంధం అడిగేవారు. ఆతిథేయి ఆ రొట్టె తుంచితే ఒప్పుకున్నట్టు.

"ఏంటి ఉస్తా, దారి తప్పావా? మా ఇంట్లో పెళ్లీడు పిల్ల లేదే. మనవరాలికింకా పళ్లు కూడా రాలేదు."

"పిల్ల కోసం కాదన్నా. గోడ కోసం."

"గోడ కోసమా?"

"దానికి మనం తొడిగిన చొక్కా బిగుతైంది. విప్పుదామని అడగడానికొచ్చాను."

జుమానజర్ గారి ముఖం ఎర్రబడింది. "నా గ్యారేజీకి దాచుకున్న సిమెంటది. నీ కొడుకు పెళ్లని తెచ్చాను. వీధి వీధంతా నడుం వంచింది. దాన్ని పీకి పారేస్తానంటావా?"

"పారేస్తాననలేదు. ఒకసారి వచ్చి రుచి చూడండి."

"రుచా? నీ పిచ్చి నాకంటించకు."

అయినప్పటికీ ఆయన వచ్చారు. ఉస్తా ఏమీ వివరించలేదు. తెల్లని నూగును వేలితో చూపించి ఊరుకున్నారు. జుమానజర్ గారు అటూ ఇటూ చూసి, చిటికెడు గీకి నాలుక మీద వేసుకున్నారు. వెంటనే ఉమ్మివేశారు.

"పలావులో ఇంతుప్పు పడితే మా ఆవిడ పళ్లెం నా నెత్తిన బోర్లిస్తుంది." మరికొంతసేపు గోడను చూసి, గొంతు తగ్గించి అన్నారు. "నా గ్యారేజీ గోడ కూడా ఏటా ఇలాగే పొంగుతుంది. రంగు నాసిరకమని కొట్టువాడిని తిడుతున్నాను. సరే, వీధివాళ్లకి నేనెలా చెప్పను?"

"ఉస్తా ఊరెళ్తూ చెప్పాల్సింది చెప్పకుండా వెళ్లాడనండి. తప్పు ఆయనదే అనండి."

"మట్టి పారబోయించింది నేను."

"అదీ నా మీదే వేయండి. నేను ఒక ముక్క చెప్పి వెళ్లుంటే మీరు పారబోసేవారా?"

జుమానజర్ గారు రొట్టెను చేతిలోకి తీసుకున్నారు గాని వెంటనే తుంచలేదు. "ఒక షరతు. ఈసారి మట్టి తొక్కేది నేనే."

"కొత్త బూట్లు మాత్రం వేసుకుని రాకండి."

రొట్టె తుంచారు.

మట్టి మళ్లీ నానబెట్టి, అది పులిశాక రెండవ హషర్ జరిగింది. ఎవరు పూసిన భాగాన్ని వారే ఉలితో, కింది నుంచి పైకి, మెల్లగా విప్పారు. రెల్లు వరస బయటపడినప్పుడు గది అంతటా తడిగడ్డి వాసన వ్యాపించింది. అంతా సవ్యంగా సాగుతుండగా, మొదటి గూటి అంచున సిమెంటు తనతో పాటు ఒక దానిమ్మ పువ్వును లాగుకుని వచ్చింది. పువ్వు నేల మీద రెండుగా విరిగింది. ఉలులన్నీ ఆగిపోయాయి.

ఉస్తా వంగి ఆ రెండు ముక్కలనూ చేతి రుమాలులో చుట్టుకున్నారు. ఆయన చెయ్యి ఒక్క క్షణం రుమాలు మీదనే ఉండిపోయింది.

"అలాంటిది నువ్వు మళ్లీ చెక్కగలవుగా?" అని జుమానజర్ గారు నెమ్మదిగా అడిగారు.

"చెక్కగలను, చెక్కను. రేపెవరైనా చూసి ఇది తాత పని అనుకుంటే అది తాతనీ మోసం చేసినట్టే, నన్నూ మోసం చేసినట్టే. అక్కడ తెల్లగా వదిలేస్తాను. పదండి, మధ్యాహ్నం కావస్తోంది."

వాకిట్లో జుమానజర్ గారు పాయజామా మోకాళ్ల దాకా మడిచి మట్టి తొక్కుతున్నారు. ఆయన భార్య వరండా నుంచి అరిచారు. "బస్సు తోలేటప్పుడు కూడా ఇంతే మెల్లగా తొక్కేవారు. అందుకే జనం నడిచి వెళ్లేవాళ్లు." ఆయన వేగం పెంచారు గాని నడుం పట్టుకున్నారు.

పెళ్లి మరునాడు కోడలు నిగీనా ఆ గదిలో, దానిమ్మల కింద, జరీ బరువుకు కదలకుండా కూర్చున్నది. ఆమె అమ్మమ్మ గోడకు వీపు ఆనించబోయి, అలవాటు కొద్దీ ముందు అరచెయ్యి పెట్టి చూసింది. పాత ఇళ్ల గోడలు బట్టలకు మరకలు చేస్తాయని ఆమెకు తెలుసు. గోడ పొడిగా ఉన్నది. నిశ్చింతగా ఆనుకుని కూర్చున్నది.

పురుషులు లోపలికి పోకూడదు గనుక, జుమానజర్ గారు టీ పళ్లెంతో గడప వద్ద ఆగి అక్కడి నుంచే పలికారు. "ఆ గోడ నేను రెండుసార్లు పూశానమ్మా."

"మొదటిసారి కుదరలేదా నాయనా?" అని అమ్మమ్మ అడిగింది.

"ఉస్తా చెప్పడం మర్చిపోయాడు."

వరండాలో కొత్త స్తంభానికి ఆనుకుని కూర్చున్న ఉస్తా షుక్రుల్లా తల తిప్పలేదు. "నిజమేనమ్మా, తప్పు నాదే" అని, తన గిన్నెలోకి మళ్లీ టీ వంచుకున్నారు.